చిరునామా మారినప్పుడు: హెచ్‌టీటీపీ దారిమార్పులు, హెడర్లు

ఒక ప్రోగ్రాము ఇంటర్నెట్‌లోని ఏదో చిరునామాకు వెళ్ళి సమాచారం అడిగితే, అక్కడి సర్వరు ముందుగా ఒక మూడంకెల సంఖ్య చెబుతుంది. 200 అంటే అడిగింది ఉంది, ఇదిగో అని. 404 అంటే అలాంటిది ఇక్కడ లేదని. 300తో మొదలయ్యే వరుసలోని కొన్ని సంఖ్యలు మరో సంగతి చెబుతాయి: అడిగింది ఇక్కడ కాదు, ఫలానా చోట ఉంది, అక్కడికి వెళ్ళి అడుగు. దీన్ని రీడైరెక్ట్ అంటారు. తెలుగు వికీపీడియాలో పుటల విషయంలో వాడే దారిమార్పు అన్న మాట దీనికీ చక్కగా అమరుతుంది. వెళ్ళవలసిన కొత్త చిరునామా, సర్వరు ఇచ్చే జవాబులోనే లొకేషన్ అనే పేరు పక్కన ఉంటుంది.

పాత ఆఫీసు తలుపు మీద ‘ఈ కార్యాలయం ఫలానా వీధికి మార్చబడినది’ అన్న బోర్డు కనబడితే మనిషి ఏం చేస్తాడో ప్రోగ్రామూ అదే చేస్తుంది. చేతిలోని కాగితాల కట్టతో కొత్త వీధికి నడుస్తుంది. ఆ కాగితాల కట్టే రిక్వెస్ట్ హెడర్లు. పేరు, దాని పక్కన విలువ, ఇలా జతలు జతలుగా ప్రతి అభ్యర్థనతోనూ ఇవి వెళతాయి. ఏ సైటు కావాలో హోస్ట్ హెడరు చెబుతుంది. అడుగుతున్న సాఫ్ట్‌వేర్ ఏదో యూజర్-ఏజెంట్ చెబుతుంది. జవాబు ఏ భాషలో కావాలో యాక్సెప్ట్-లాంగ్వేజ్ చెబుతుంది. కుకీ పాత పరిచయాన్ని గుర్తుచేస్తుంది. ఆథరైజేషన్ హెడరులో పాస్‌వర్డో, టోకెనో ఉంటుంది. అడిగేవారికి ఆ హక్కు ఉందనడానికి అదే రుజువు. కొత్త వీధిలో తలుపు తీసినవారు ఎవరో తెలియకుండా ఈ కట్టంతా వారి చేతిలో పెట్టవచ్చా? దారిమార్పుల దగ్గర ప్రాజెక్టులకు వచ్చే పెద్ద చిక్కులు ఈ ప్రశ్న ఎవరూ వేసుకోకపోవడం వల్ల వచ్చినవే.

మొదట్లో ఈ కాగితాలు లేనే లేవు. స్విట్జర్లాండ్‌లోని సెర్న్ పరిశోధనా కేంద్రంలో టిమ్ బెర్నర్స్-లీ వెబ్‌ను నిర్మించిన తొలి రోజుల్లో, అంటే 1991 నాటికి, అభ్యర్థన అంటే ఒకే ఒక్క వరుస. గెట్ అన్న మాట, దాని తరువాత కావలసిన పుట పేరు, అంతే. జవాబుగా పుట వచ్చేది. సంఖ్యలు లేవు, హెడర్లు లేవు, దారిమార్పులూ లేవు. 1996 మే నెలలో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 1945 అనే పత్రం వెబ్ సంభాషణ నియమాలైన హెచ్‌టీటీపీ 1.0ను వివరించింది. 301, 302 సంఖ్యలు, లొకేషన్, యూజర్-ఏజెంట్, ఆథరైజేషన్ హెడర్లు అందులో ఉన్నాయి. ఏ పుట నుంచి వచ్చారో చెప్పే రిఫరర్ హెడరు కూడా అందులో ఉంది. దాని ఇంగ్లీషు స్పెల్లింగులో రెండు ఆర్‌లు పక్కపక్కన ఉండవలసిన చోట ఒక్కటే పడింది. దిద్దేలోపే అది అంతటా పాకిపోయింది. ఈ రోజుకీ ప్రోగ్రామర్లు ఆ తప్పు స్పెల్లింగునే రాయాలి. సరిదిద్ది రాస్తే సర్వరు దాన్ని గుర్తుపట్టదు.

1997 జనవరిలో వచ్చిన హెచ్‌టీటీపీ 1.1, హోస్ట్ హెడరును తప్పనిసరి చేసింది. ఒకే యంత్రం మీద వందల సైట్లు కాపురం ఉండడం అప్పటికే మొదలైంది. ఇంటి నంబరు ఒకటే, వాటాలు ఎన్నో; ఏ వాటాకో చెప్పకపోతే ఉత్తరం చేరదు. దారిమార్పు జరిగినప్పుడు మొట్టమొదట మారవలసిన హెడరు ఇదే. చేత్తో రాసిన కోడులో పాత హోస్ట్ విలువను అలాగే ఉంచి కొత్త చిరునామాకు పంపితే, కొత్త సర్వరు తికమకపడి మరో సైటు పుట ఇస్తుంది, లేదా తిరిగి పాత చోటికే పొమ్మంటుంది. అందుకే హోస్ట్ విలువను ప్రోగ్రామరు తన చేత్తో నింపకుండా లైబ్రరీకి వదిలేయడం మేలు.

దారిమార్పు సంఖ్యల్లో నిత్యం కనబడేవి ఐదు: 301, 302, 303, 307, 308. 301, 308 శాశ్వతమైన మార్పును చెబుతాయి. 302, 307 తాత్కాలికమైనవి. 303 ఈ రెండు వర్గాలకూ చెందదు. ‘పని అయింది, ఫలితం చూడాలంటే అక్కడికి వెళ్ళు’ అంటుంది. మూడు చాలిన చోట ఐదు ఎందుకు వచ్చాయో తెలియాలంటే పాత బ్రౌజర్ల అలవాటు ఒకటి తెలియాలి. వెబ్‌లో సమాచారం చదవడానికి గెట్ అనే పద్ధతి, సమాచారం అప్పగించడానికి పోస్ట్ అనే పద్ధతి ఉన్నాయి. ఒక దరఖాస్తును పోస్ట్ చేశాక సర్వరు 301 అనో 302 అనో బదులిస్తే, నియమం ప్రకారం కొత్త చోటికీ దరఖాస్తుతోనే వెళ్ళాలి. బ్రౌజర్లు అలా చేయలేదు. దరఖాస్తును వదిలేసి, గెట్ పద్ధతిలో ఖాళీ చేతులతో వెళ్ళాయి. 1996 పత్రమే ఈ పొరపాటును ప్రస్తావించింది. అప్పటికే ఎన్నో సైట్లు ఆ తప్పు ప్రవర్తన మీదే ఆధారపడి నడుస్తున్నాయి కనుక దాన్ని సరిచేయడం కుదరలేదు. దరఖాస్తు అందాక గెట్‌తో మరో పుటకు పంపడానికి 1997లో 303ను ప్రత్యేకించారు. పద్ధతి మారకుండా వెళ్ళడానికి 1999లో 307 వచ్చింది. శాశ్వత మార్పులోనూ పద్ధతిని నిలిపే 308 ప్రమాణ పత్రంగా నిలదొక్కుకోవడానికి 2015 ఏప్రిల్ దాకా పట్టింది.

ఈ చరిత్ర నేటి ప్రాజెక్టుల్లో తెల్లారి లేస్తే ఎదురవుతుంది. ఒక సేవ తన చిరునామాను హెచ్‌టీటీపీ నుంచి హెచ్‌టీటీపీఎస్‌కు మార్చుకొని 301 పెడుతుంది. పాత చిరునామాకు పోస్ట్ చేసే ప్రోగ్రాము ఆ 301 చూసి గెట్‌గా మారి కొత్త చోటికి వెళుతుంది. అక్కడ 200 వస్తుంది. ప్రోగ్రాము అంతా బాగుందనుకుంటుంది. పంపిన సమాచారం మాత్రం ఎక్కడా చేరదు. ఎర్రర్ లేని తప్పు ఇది, అందుకే వెతకడం కష్టం. సమాచారం స్వీకరించే చిరునామాలను మార్చేవారు 307 గాని 308 గాని వాడాలి. పంపేవారు తమ ప్రోగ్రాములో కొత్త చిరునామానే నేరుగా రాసుకోవాలి.

శాశ్వతం అన్న మాటను బ్రౌజర్లు అక్షరాలా నమ్ముతాయి. 301, 308 జవాబులను దాచిపెట్టుకొని, మరోసారి పాత సర్వరును అడగకుండానే కొత్త చోటికి వెళ్ళగలవు. పొరపాటున ఒక తప్పు చిరునామాకు 301 పెడితే, సర్వరులో దాన్ని సరిదిద్దాక కూడా కొందరు పాఠకుల బ్రౌజర్లు తప్పుదారినే పోతూ ఉంటాయి. మొదట 302తో నడిపి, అంతా సవ్యంగా ఉందని తేలాక 301కి మార్చడం అనుభవజ్ఞుల పద్ధతి.

భాషను బట్టి దారి మళ్ళించే సైట్లలో ఇదే తప్పు మరో రూపంలో వస్తుంది. యాక్సెప్ట్-లాంగ్వేజ్‌లో తెలుగు కోరిన పాఠకుణ్ణి తెలుగు పుటకు, ఇంగ్లీషు కోరినవారిని ఇంగ్లీషు పుటకు పంపడం మంచి ఉద్దేశమే. ఆ పంపడం 301తో జరిగి, మధ్యలోని ఉమ్మడి క్యాషే దాన్ని దాచుకుంటే, మొదట వచ్చినవారి భాషే తరువాత వచ్చినవారందరికీ అంటుకుంటుంది. జవాబు ఏ హెడరును బట్టి మారుతోందో చెప్పడానికి వేరీ అనే హెడరు ఉంది. దాన్ని మరచిపోకూడదు. తాత్కాలిక సంఖ్య వాడడం ఇంకా మంచిది.

ఇక అసలు విషయం, కాగితాల కట్ట. 2022 జూన్‌లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9110 ఇప్పుడు హెచ్‌టీటీపీ అర్థవివరణకు ప్రామాణిక పత్రం. దారిమార్పును తనంతట తాను అనుసరించే ప్రోగ్రాము, పాత అభ్యర్థనను కొత్త చోటికి తగినట్టు సవరించి పంపాలని అది చెబుతుంది. హోస్ట్ మారాలి. పద్ధతి గెట్‌గా మారితే కంటెంట్-టైప్, కంటెంట్-లెంగ్త్ వంటివి తీసేయాలి. లేని సరుకుకు బిల్లు పంపినట్టు ఉండకూడదు. ఆథరైజేషన్, కుకీ వంటి రహస్యాలను తీసేయాలా అన్నది ఆలోచించాలి. ఈ చివరి విషయంలో పత్రం పూర్తి నిషేధం పెట్టలేదు. నిర్ణయం లైబ్రరీలు రాసేవారి మీద పడింది. ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా నిర్ణయించారు.

గో భాష ఉదాహరణ చూస్తే తెలుస్తుంది. 2017 ఫిబ్రవరిలో వచ్చిన 1.8 వెర్షను ముందు దాకా, గో ప్రామాణిక లైబ్రరీ దారిమార్పు తరువాత మొదటి అభ్యర్థనలోని హెడర్లను తీసుకుపోయేది కాదు. ప్రోగ్రామరు పెట్టిన యూజర్-ఏజెంట్ కూడా రెండో అడుగులో మాయమయ్యేది. 1.8 నుంచి చాలా హెడర్లు వెంట వెళుతున్నాయి. ఆథరైజేషన్, కుకీ మాత్రం అదే డొమైనుకు, లేదా దాని ఉపడొమైనుకు వెళ్ళేటప్పుడే వెళతాయి. స్వీడన్‌కు చెందిన డేనియల్ స్టెన్‌బర్గ్ ప్రారంభించిన కర్ల్ అనే ఉపకరణంలో, వాడుకరి చేత్తో రాసి ఇచ్చిన ఆథరైజేషన్ హెడరు దారిమార్పులో వేరే హోస్టులకూ వెళ్ళిపోయేది. ఆ లోపాన్ని 2018 జనవరిలో, 7.58.0 వెర్షనుతో సరిచేశారు. పైథాన్‌లో విస్తారంగా వాడే రిక్వెస్ట్స్ లైబ్రరీలో మరో సందు దొరికింది. హోస్టు మారితే అది ఆథరైజేషన్‌ను తీసేసేది. హోస్టు అదే ఉండి, హెచ్‌టీటీపీఎస్ నుంచి రక్షణ లేని హెచ్‌టీటీపీకి దిగితే మాత్రం తీసేది కాదు. తాళం వేసిన పెట్టెలో వెళ్ళిన టోకెను తరువాతి అడుగులో పోస్టుకార్డు మీద రాసినట్టు బయటపడేది. 2018 అక్టోబరులో 2.20.0 వెర్షను దాన్ని మూసింది. ఎంతోమంది నిపుణులు రాసి, ఏళ్ళ తరబడి లక్షల ప్రాజెక్టులు నమ్మిన కోడులోనే ఇవి జరిగాయి. లైబ్రరీ వెర్షన్లను ఎప్పటికప్పుడు నవీకరించుకోవాలని చెప్పేది ఇందుకే.

వెర్షను కొత్తదైనా ఒక ప్రమాదం మిగిలే ఉంటుంది. ఆథరైజేషన్, కుకీ రహస్యాలని లైబ్రరీలకు తెలుసు. సేవలు సొంతంగా పెట్టుకున్న పేర్లు వాటికి తెలియవు. ఎక్స్-ఏపీఐ-కీ వంటి పేరుతో ఒక సేవ తన రహస్యాన్ని అడిగితే, లైబ్రరీ దృష్టిలో అదొక మామూలు కాగితం. రిక్వెస్ట్స్‌లోనూ, కర్ల్‌లోనూ, గోలోనూ అది దారిమార్పుతో పాటు వేరే హోస్టుకు నిరాటంకంగా వెళ్ళిపోతుంది. అలాంటి తాళంచెవులు మోసే ప్రోగ్రాము దారిమార్పులను తనంతట తాను అనుసరించకూడదు. రిక్వెస్ట్స్‌లో అలౌ-రీడైరెక్ట్స్ అనే ఐచ్ఛికాన్ని ఆపేసి, లొకేషన్ విలువను చదివి, హోస్టు మారలేదని నిర్ధారించుకున్నాకే తరువాతి అడుగు వేయించాలి. నాలుగు వరుసల కోడు ఎక్కువవుతుంది, అంతే.

రహస్యం బయటపడడం సరే, అనవసరమైన కాగితం వల్ల పని చెడడం కూడా ఉంది. గిట్‌హబ్ ఏపీఐ ద్వారా ఒక బిల్డు ఫలితాన్ని దించుకోవాలంటే, ఆథరైజేషన్ టోకెనుతో అడగాలి. గిట్‌హబ్ 302 ఇచ్చి మరో నిల్వ సర్వరుకు పంపుతుంది. ఆ కొత్త చిరునామా ఒక్క నిమిషమే చెల్లుతుంది. అనుమతి ముద్ర ఆ చిరునామాలోనే ఉంటుంది. అమెజాన్ ఎస్3 వంటి నిల్వ సేవల్లో ఇలాంటి ముద్ర వేసిన చిరునామాకు ఆథరైజేషన్ హెడరును కూడా జతచేసి వెళితే, రెండు రకాల అనుమతులు ఒకేసారి చెల్లవని సర్వరు 400 సంఖ్యతో తిప్పి పంపుతుంది. టోకెను సరైనదే, చిరునామా సరైనదే, అయినా పని కాదు. హోస్టు మారినప్పుడు టోకెనును వదిలేసే లైబ్రరీతో ఇది నడుస్తుంది, చేత్తో హెడర్లను మళ్ళీ అతికించే కోడుతో ఆగిపోతుంది.

గిట్‌హబ్ ఏపీఐ మరో హెడరునూ పట్టించుకుంటుంది. యూజర్-ఏజెంట్ లేకుండా వచ్చిన అభ్యర్థనలను అది తిరస్కరిస్తుంది. వికీపీడియాను నడిపే వికీమీడియా కూడా, ప్రోగ్రాములు తమను గుర్తించగలిగే యూజర్-ఏజెంట్ పంపాలని తన విధానంలో కోరుతుంది. తెలుగు వికీపీడియా వ్యాసాలను చదివే చిన్న పైథాన్ ప్రోగ్రాముకైనా ఈ నియమం వర్తిస్తుంది. ప్రోగ్రాము పేరు, నడిపేవారిని సంప్రదించే మార్గం అందులో రాయడం మర్యాద. బ్రౌజరు వేషం వేయడం మర్యాద కాదు.

తెలుగు పేర్లున్న చిరునామాల దగ్గర మరో మెలిక ఉంది. హెడర్లలోని చిరునామాలు ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, కొన్ని గుర్తులతోనే రాయాలి. తెలుగు లిపిలోని ప్రతి సంకేతం యూటీఎఫ్-8 పద్ధతిలో 3 బైట్లు తీసుకుంటుంది. ఒక్కొక్క బైటు శాతం గుర్తు, రెండు హెక్సాడెసిమల్ అంకెలు కలిసి మూడు గుర్తులవుతుంది. ‘తెలుగు’ అన్న చిన్న మాటలో మూడు హల్లులు, మూడు అచ్చుల గుర్తులు, మొత్తం ఆరు సంకేతాలు. అవి 18 బైట్లు, చిరునామాలో 54 గుర్తులు. సర్వరు లొకేషన్‌లో తెలుగును నేరుగా పెడితే కొన్ని ప్రోగ్రాములు దాన్ని వేరే లిపిగా పొరబడి చిందరవందర చేస్తాయి. ఒకసారి మార్చిన చిరునామాను కోడు మళ్ళీ మారిస్తే శాతం గుర్తే శాతం-25గా మారిపోయి 404 వస్తుంది. తెలుగు పుటల సైట్లు కట్టేవారు దారిమార్పులను తెలుగు పేర్లతోనే పరీక్షించాలి. ఇంగ్లీషు పేర్లతో పరీక్షిస్తే ఈ లోపం ఎన్నటికీ కనబడదు.

లొకేషన్‌ను చదవడంలోనూ జాగ్రత్త కావాలి. అందులో పూర్తి చిరునామా ఉండాలని 1999 నాటి పత్రం అన్నది. 2014 నుంచి సగం చిరునామాకు కూడా ప్రమాణం అనుమతి ఇచ్చింది. అప్పుడు ప్రస్తుత చిరునామాతో కలిపి పూర్తి చేసుకోవాలి. హెడర్ల పేర్లలో పెద్దక్షరాలు, చిన్నక్షరాలన్న తేడా లేదు. 2015లో వచ్చిన హెచ్‌టీటీపీ 2లో పేర్లన్నీ చిన్నక్షరాల్లోనే వెళతాయి. లొకేషన్ అన్న మాటను పెద్దక్షరంతోనే వెతికే కోడు అక్కడ దారి తప్పుతుంది.

దారిమార్పులు ఒకదాని వెంట ఒకటి వస్తూ మొదటి చోటికే తిరిగి వస్తే గానుగెద్దు తిరుగుడే. ఎక్కడో ఒకచోట ఆపాలి. బ్రౌజర్లు అనుసరించే ఫెచ్ ప్రమాణం 20 దగ్గర ఆపుతుంది. గో 10 దగ్గర, రిక్వెస్ట్స్ 30 దగ్గర, కర్ల్ మామూలుగా 50 దగ్గర ఆగుతాయి. కర్ల్‌కైతే అసలు అనుసరించమని ప్రత్యేకంగా చెప్పాలి. జావా 11తో వచ్చిన కొత్త క్లయింటు కూడా చెప్పనిదే అనుసరించదు. ఈ వలయం ఎక్కువగా పుట్టే చోటు ఒకటుంది. సైటు ముందు ఒక ప్రాక్సీ నిలబడి హెచ్‌టీటీపీఎస్‌ను విప్పి, లోపలి అప్లికేషనుకు మామూలు హెచ్‌టీటీపీలో అందిస్తుంది. అప్లికేషను దాన్ని చూసి, రక్షణ లేకుండా వచ్చారనుకొని హెచ్‌టీటీపీఎస్‌కు పొమ్మంటుంది. బ్రౌజరు అక్కడి నుంచే వచ్చింది కనుక మళ్ళీ అక్కడికే పోతుంది. ఎక్స్-ఫార్వర్డెడ్-ప్రోటో అనే హెడరులో అసలు అభ్యర్థన హెచ్‌టీటీపీఎస్‌లో వచ్చిందో లేదో ప్రాక్సీ చెప్పాలి, అప్లికేషను దాన్ని నమ్మాలి. జాంగో అనే పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్కులో ఇందుకు ప్రత్యేకమైన సెట్టింగు ఉంది. ఆ హెడరును సొంత ప్రాక్సీ నుంచి వచ్చినప్పుడే నమ్మాలి. బయటివారు ఎవరైనా దాన్ని రాసి పంపగలరు.

బయటివారి మాట నమ్మడమే మరో రెండు దాడులకు మూలం. లాగిన్ అయ్యాక వెళ్ళవలసిన పుటను చిరునామాలోనే రాసే సైట్లు చాలా ఉన్నాయి. దాన్ని సరిచూడకుండా దారి మళ్ళిస్తే, నమ్మకమైన సైటు పేరుతో మొదలైన లింకు మోసగాడి పుటలో తేలుతుంది. ఒక ఏటవాలు గీతతో మొదలైతే సొంత సైటే కదా అనుకొని వదిలేస్తారు. రెండు ఏటవాలు గీతలతో మొదలయ్యేది వేరే హోస్టు చిరునామా అవుతుందని గుర్తుండదు. రెండో దాడిలో, వాడుకరి ఇచ్చిన లింకులోని బొమ్మను సర్వరే వెళ్ళి తెస్తుంది. మొదటి చిరునామా బయటిదేనని చూసి అనుమతిస్తారు. అది 302 ఇచ్చి 169.254.169.254 అనే అంతర్గత చిరునామాకు పంపుతుంది. క్లౌడ్ యంత్రాల రహస్య ఆధారాలు ఉండే చోటది. తనిఖీ మొదటి అడుగులో ఒక్కసారి చేస్తే చాలదు. ప్రతి దారిమార్పు దగ్గరా మళ్ళీ చేయాలి.

ఇన్నిటినీ చదివి గుర్తుంచుకోవడం కంటే ఒక పరీక్ష నమ్మదగినది. సొంత కంప్యూటరులోనే రెండు చిన్న సర్వర్లు నడపాలి. మొదటిదాన్ని లోకల్‌హోస్ట్ అన్న పేరుతో, రెండోదాన్ని 127.0.0.1 అన్న అంకెలతో పిలవాలి. అప్పుడు లైబ్రరీకి అవి వేర్వేరు హోస్టులుగా కనబడతాయి. మొదటిది ప్రతి అభ్యర్థననూ రెండోదానికి మళ్ళించాలి. రెండోది తనకు అందిన పద్ధతినీ, హెడర్లనూ ఉన్నవున్నట్టు అచ్చువేయాలి. ప్రాజెక్టు వాడుతున్న లైబ్రరీతోనే, ప్రాజెక్టు పెట్టే హెడర్లతోనే, నకిలీ టోకెనుతో అడిగి చూడాలి. 301, 302, 303, 307, 308 ఐదింటితోనూ గెట్, పోస్ట్ రెండూ పంపి చూడాలి. లైబ్రరీ వెర్షను మారినప్పుడల్లా ఇది తనంతట తాను నడిచేలా ప్రాజెక్టు పరీక్షల్లో చేర్చాలి. రెండో సర్వరు అచ్చువేసిన జాబితాలో ఆ టోకెను కనబడితే, ఆ ప్రాజెక్టు ఇంకా విడుదలకు సిద్ధం కానట్టే.